"రెండూ చెప్పండి" అన్న ఆ తండ్రికి

గత నెల తల్లిదండ్రుల సమావేశం ముగిసి అందరూ లేస్తుండగా ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మా కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న అమ్మాయి తండ్రి. చేతిలో కూతురి మార్కుల కాగితం ఉంది. జువాలజీలో తగ్గిన మార్కుల గురించి అడుగుతారనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా, "మేడమ్, పరిణామ సిద్ధాంతం చెప్పవద్దని నేను అనడం లేదు. నీట్‌లో వస్తుంది, చెప్పాల్సిందే. కానీ ఈ సృష్టి దేవుడే చేశాడని మేము ఇంట్లో చెప్పుకొనేది కూడా దాని పక్కనే చెప్పండి. రెండూ వింటే పిల్లలే తేల్చుకుంటారు కదా" అన్నారు.

ఆయన వెనక నిలబడిన మరో తండ్రి వెంటనే అందుకున్నారు. "నిజమే మేడమ్. మన దశావతారాల్లో అదంతా ఎప్పుడో చెప్పారు. డార్విన్ కొత్తగా చెప్పింది ఏముంది? అదీ పిల్లలకు తెలియాలి." ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు తలలూపుకున్నారు. మొదటి ఆయనది ఆదివారం ప్రార్థన తప్పని కుటుంబం. రెండో ఆయన నుదుట పొద్దున కొండ ఎక్కి అమ్మవారిని చూసివచ్చిన కుంకుమ ఇంకా చెదరలేదు.

"సిలబస్ ప్రకారం చెబుతామండీ" అని ఇద్దరినీ పంపేశాను. ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నదాన్ని. అది జవాబు కాదని, తప్పించుకోవడమని బస్సు విజయవాడ బెంజ్ సర్కిల్ దాటకముందే తెలిసిపోయింది. ఆ రోజు నేను చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

ఏ రెండు?

"రెండూ చెప్పండి" అనేది వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో నాకు తెలుసు. ఇద్దరు తగవుకు వస్తే ఇద్దరి మాటా వినాలని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. కానీ ఆ ఇద్దరు తండ్రులు తలలూపుకొన్నప్పుడు నాకు తట్టింది ఇది: "రెండూ" అని ఇద్దరూ అన్నారు గాని, ఆ రెండోది ఇద్దరికీ ఒకటి కాదు.

నా తరగతిలో అరవై మంది పైచిలుకు పిల్లలు. గుణదల కొండ కింది వీధుల నుంచి వచ్చేవాళ్లున్నారు, వించిపేట నుంచి వచ్చేవాళ్లున్నారు, పల్నాడు పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లున్నారు. ఆరు రోజుల సృష్టి చెప్పనా? మట్టి నుంచి మనిషిని చేసిన కథ ఖురాన్‌లో చెప్పిన తీరులో చెప్పనా, బైబిల్లో చెప్పిన తీరులో చెప్పనా? పురుషసూక్తం చెప్పనా? కృష్ణ దాటి ఉండవల్లి వెళ్తే గుహలో రాతిలో పవళించిన అనంతపద్మనాభుడు ఉన్నాడు. ఆయన నాభికమలంలోంచి పుట్టిన బ్రహ్మ కథ చెప్పనా? ఋగ్వేదంలోనే నాసదీయ సూక్తం ఉంది. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలు కూడా దీని తర్వాతే వచ్చారు, పైనుండి చూసేవాడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. ఆ సూక్తం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా మార్చమంటే నాకు చేతులు రావు.

"రెండూ" అనే మాట పుట్టింది అమెరికాలో. అక్కడ ఆ రెండోది ఏమిటో ఎవరూ అడగనక్కర్లేదు, ఒకే గ్రంథం. 1925లో టెనెసీ రాష్ట్రంలో పరిణామం చెప్పినందుకు ఒక ఉపాధ్యాయుడికి వంద డాలర్ల జరిమానా వేశారు. 1968లో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి నిషేధాలు చెల్లవంది. నిషేధం కుదరదని తేలాక మొదలైంది ఈ సమానత్వం మాట. లూసియానా రాష్ట్రం పరిణామం చెబితే సృష్టిశాస్త్రం కూడా చెప్పాలని చట్టం చేసింది, 1987లో అదీ కొట్టేశారు. ఆ తర్వాత, దేవుడి పేరు ఎత్తకుండా అదే వాదం చెప్పడానికి, ఒక పాఠ్యపుస్తకం చిత్తుప్రతుల్లో "సృష్టివాదులు" అన్న చోటల్లా "రూపకల్పన సమర్థకులు" అని మార్చుకుంటూ పోయారు. ఒకచోట మార్పు సగంలో తెగి రెండు మాటలూ అతుక్కుపోయి మిగిలాయి. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ పాఠశాలల కేసులో ఆ అతుకు కోర్టులో బయటపడింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా కాలేజీలో ఆ తండ్రి నోట వచ్చిన మాట ఆయన మనసులో స్వచ్ఛంగానే పుట్టింది. కానీ ఆ మాటను మొదట తయారుచేసినవాళ్ల ఉద్దేశం పిల్లలను తేల్చుకోనివ్వడం కాదు.

కొండపల్లి బొమ్మల వరస

దశావతారాల సంగతికి వస్తాను. నా బల్ల మీద కొండపల్లి దశావతారాల బొమ్మల సెట్టు ఉంది. ఏడెనిమిదేళ్ల క్రితం ఒక విద్యార్థి ఇచ్చాడు. తెల్లపొణికి కర్ర, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. చేప, తాబేలు, పంది, సగం సింహం సగం మనిషి, పొట్టి మనిషి, గొడ్డలి పట్టిన మనిషి. వరసగా పేర్చి, "చూడండి మేడమ్, నీటి నుంచి నేలకు, జంతువు నుంచి మనిషికి" అన్నాడు ఆ అబ్బాయి. వాడి కళ్లలోని వెలుగు చూసి నేనూ సంతోషపడ్డాను. ఆ పోలికలో అందం ఉంది. జన్యుశాస్త్రంలో అంత పేరున్న జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఈ పోలికను గమనించినవాడే.

కానీ జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఆగవలసి వచ్చింది. ఈ వరసలో తాబేలును ఉభయచరంగా చూపిస్తారు, కానీ అది ఉభయచరం కాదు, సరీసృపం. అది చిన్న సంగతే, వదిలేయవచ్చు. అసలు చిక్కు వరసలోనే ఉంది. పరిణామం క్యూ కాదు, చెట్టు. చేప వెళ్లిపోయి తాబేలు రాలేదు. ప్రకాశం బ్యారేజి కింద వలలో పడుతున్న చేప కూడా మనలాగే ఈనాటి జీవి, మనంత దూరం నడిచి వచ్చిన జీవి. వరస చివర మనిషిని నిలబెట్టి ఇదే గమ్యం అనడం డార్విన్ చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇంకోటి కూడా ఉంది. అవతారం అంటే దిగిరావడం. ధర్మానికి ఆపద వచ్చినప్పుడు ఆయన కోరి దిగివస్తాడు. చేపగా వచ్చినవాడూ రాముడిగా వచ్చినవాడూ ఒక్కడే, ఒకరికంటే ఒకరు ఎదిగినవాళ్లు కారు. ప్రకృతి వరణంలో కోరిక లేదు, ఆపద్బాంధవుడు లేడు. చచ్చినవి చచ్చాయి, మిగిలినవి పిల్లలను కన్నాయి. దశావతారాలను బయాలజీగా మారిస్తే బయాలజీకి ఒరిగేది ఏమీ లేదు, దశావతారాలకు ప్రాణమే పోతుంది. 2019లో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలరే డార్విన్ కంటే దశావతారాలే మెరుగైన సిద్ధాంతమన్నప్పుడు నాకు సైన్స్ కోసం ఎంత బాధ కలిగిందో, మా అమ్మమ్మ చెప్పిన ఆ కథల కోసం అంత బాధ కలిగింది.

నాన్న అరచేతిలో పురుగు

అంతకు ముందు ఏడాది, 2018లో, కేంద్ర మంత్రి ఒకరు కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి ఈ సిద్ధాంతం తప్పు, పాఠ్యపుస్తకాలు మార్చాలి అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాయి. నాకు మాత్రం ఆ వార్త చదవగానే శాస్త్రవేత్తలెవరూ కాదు, మా నాన్న గుర్తుకొచ్చాడు.

మాది సత్తెనపల్లి దగ్గర పత్తి పండే ఊరు. 1987లో నాకు పదకొండేళ్లు. ఆ ఏడు నాన్న పొలం నుంచి వస్తే ఇల్లంతా మందు వాసన. అమ్మ ఆయన బట్టలు విడిగా ఉతికేది. మొదట్లో పది రోజులకోసారి కొట్టే మందు వారానికోసారి అయింది, తర్వాత మూడు రోజులకోసారి, తర్వాత రెండు మందులు ఒకే డబ్బాలో కలిపి. ఒకరోజు అన్నం తీసుకుని చేనికి వెళ్తే నాన్న ఒక పచ్చపురుగును అరచేతిలో పెట్టి చూపించాడు. ఒళ్లంతా మందుతో తడిసి మెరుస్తోంది. తీరిగ్గా ఆయన బొటనవేలు ఎక్కుతోంది. "చూడమ్మా, మందులో మునిగి కూడా నడుస్తోంది. అలవాటు పడిపోయింది" అన్నాడు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆ పురుగును చంపలేని మందును తామే తాగి చనిపోయిన కాలం అది. మా ఊరికి ఆ వార్తలు పక్క ఊళ్ల నుంచి వచ్చేవి. నాన్న ఆ ఏడు చేను దున్నేసి మిరప వేశాడు, మేము బయటపడ్డాం.

"అలవాటు పడింది" అనే మాట పదేళ్లపాటు నా తలలో అలాగే ఉండిపోయింది. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం మా మాస్టారు నల్లబల్ల మీద వంద చుక్కలు పెట్టి, రెండు వదిలి అన్నీ చెరిపేశారు. ఆ రెండింటి నుంచి మళ్లీ వంద చుక్కలు పెట్టారు. ఏ పురుగూ దేనికీ అలవాటు పడలేదు. తట్టుకునే గుణం ముందే ఉన్న ఒకటి రెండు మిగిలాయి, చేనంతా వాటి సంతానమే అయింది. శనగపచ్చ పురుగులో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు నిరోధకత వచ్చిందని మన దేశంలో పరిశోధకులు మొదట నమోదు చేసింది ఆంధ్ర పత్తి చేలల్లోనే, ఆ 1987లోనే. ఎవరూ చూడలేదట! మా నాన్న చూశాడు. పేరు తెలియక "అలవాటు" అన్నాడు.

పాఠం ఇక్కడితో ఆగలేదు. 2002లో బీటీ పత్తి వచ్చింది, కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు చేర్చిన పత్తి. 450 గ్రాముల విత్తనాల ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్టు ఇచ్చేవారు, నాన్ బీటీ విత్తనాలు. చేను చుట్టూ ఐదు వరసలు అవి వేయాలి. అన్నయ్య వాటిని గట్టు మీద పారేసేవాడు. ఎందుకని అడిగితే, "పురుగు పట్టే విత్తనాన్ని పురుగు పట్టడం కోసమే ఎందుకు వేయాలి? కొట్లో కూడా పారేయమన్నారు" అన్నాడు. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆ ఐదు వరసల్లో బీటీ ఎరుగని పురుగులు బతకాలి, బీటీని తట్టుకున్న ఒకటీ అరా వచ్చి వాటితో జతకట్టాలి, అప్పుడు తట్టుకునే గుణం పలచబడుతుంది. ఆ చిన్న ప్యాకెట్టులో ఉన్నది మొత్తం పరిణామ సిద్ధాంతమే. అది తెలియనివాడికి ఆ ప్యాకెట్టు చెత్తే. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంది. తర్వాత రెండు జన్యువుల బీజీ-2నూ తట్టుకుంది. ఇప్పుడు అన్నయ్య చేలో గుడ్డి పూలు, అంటే లోపల పురుగు చేరి విచ్చుకోని పూలు, కనిపించని ఏడాది లేదు. అదే గులాబీ రంగు పురుగును అమెరికా తన పత్తి ప్రాంతాల నుంచి పూర్తిగా తొలగించినట్టు 2018లో ప్రకటించింది. అరిజోనా రైతులు ఆ నాన్ బీటీ ఆశ్రయ వరసలు నియమం తప్పకుండా వేశారు, ఆ తర్వాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి కోట్ల సంఖ్యలో వదిలారు. సృష్టివాదం గొడవ పుట్టిన దేశంలోనే చేలో మాత్రం డార్విన్ మాట విన్నారు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న

ఈ కథంతా తరగతిలో చెబితే, ఆ తండ్రి కూతురే లేచి అడిగింది. "మేడమ్, పురుగు పురుగుగానే ఉంది కదా. ఇంకోటి కాలేదు కదా." తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. మిగిలిన అరవై మందీ హార్డీ-వైన్‌బర్గ్ సూత్రాన్ని బిట్లలో పెట్టడానికి రాసుకుంటుంటే, విన్నదాన్ని నిజంగా పట్టించుకుని అడిగింది ఆ ఒక్కతే. అడిగించింది ఆమె విశ్వాసమే. ఈ సంగతే నన్ను కొన్నాళ్లు వెనక్కి లాగింది కూడా. రెండూ చెబితే ఇలాంటి ప్రశ్నలు ఎక్కువ వస్తాయేమో, ఆ తండ్రి మాటే మంచిదేమో అనిపించింది.

ఆమెకు నేనిచ్చిన జవాబు రెండో క్రోమోజోము. చింపాంజీ, గొరిల్లాలకు 24 జతలు, మనకు 23. మనకూ వాటికీ పూర్వీకులు ఒకరే అయితే ఒక జత ఎక్కడికీ పోకూడదు. రెండు క్రోమోజోములు అతుక్కుని ఉండాలి. అతుక్కుంటే అతుకు కనబడాలి. మామూలుగా క్రోమోజోముల కొసల్లో ఉండే ఒక డీఎన్ఏ వరస ఉంటుంది, చొక్కా అంచుకు వేసే మడత కుట్టు లాంటిది. మన రెండో క్రోమోజోము మధ్యలో, ఉండకూడని చోట, ఆ కుట్టు దొరికింది, రెండు కొసలు ఎదురెదురుగా. ప్రతి క్రోమోజోముకూ ఒక్కటే ఉండే నడుము లాంటి భాగం సెంట్రోమియర్, పనిచేయని రెండో సెంట్రోమియర్ ఆనవాలు కూడా దొరికింది. దొరకకపోతే? ఆ రోజు పరిణామ సిద్ధాంతానికి కష్టకాలం వచ్చేది.

నా సందేహం తీరింది అక్కడే. నా పీరియడులో చెప్పే ప్రతి మాటకూ ఓడిపోయే దారి ఒకటి తెరిచి ఉండాలి. ఏది కనబడితే ఇది తప్పని ఒప్పుకుంటావు అని అడిగితే జవాబు ఉండాలి. ఆ తండ్రి ఇంట్లో కూతురికి చెప్పేదానికి అలాంటి దారి లేదు, ఉండనక్కర్లేదు. అది పరీక్షకు నిలబెట్టే మాట కాదు, మనిషి ఆనుకుని నిలబడే మాట. దాన్ని తెచ్చి నా బల్ల మీద పెడితే, మిగిలినవాటికి చేసినట్టే దానికీ ఆధారాలు అడగాలి, నిలవకపోతే ఎర్ర సిరాతో కొట్టేయాలి. అయ్యా, మీ అమ్మాయి ప్రార్థనకు నేను మార్కులు వేయాలా? కొట్టేయకుండా గౌరవంగా పక్కన పెట్టి వదిలేస్తే, ఆధారం ఉన్నదీ లేనిదీ ఒకటేనని పిల్లలకు నేనే నేర్పినట్టు. రెండూ నాకు సమ్మతం కాదు.

ప్రశ్నలు రానివ్వాలి. ఎంత దూరమైనా రానివ్వాలి. పాఠంగా మాత్రం కాదు.

నా నమ్మకం సంగతి కూడా చెప్పాలి. మా కాలేజీకి అంత దూరం కాని పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రం ఉంది. ఆయన కూడా నాలాగే పాఠాలు చెప్పినవాడు, బోటనీ అధ్యాపకుడు. నాస్తికుడని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది అన్యాయమని గట్టిగా నమ్ముతాను. అలాగే దేవుడు లేడని నిరూపించడానికి పరిణామం పాఠాన్ని వాడుకునే లెక్చరర్లంటే కూడా నాకు సరిపడదు. 1996లో పోపు రెండవ జాన్ పాల్ పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ కాదు, అంతకంటే ఎక్కువేనని ఒప్పుకున్నాడు. గుణదల మాతకు కొవ్వొత్తి వెలిగించి వచ్చే పిల్లలు ఆ రెండింటిలో ఒకటి వదులుకోనక్కర్లేదని చెప్పడానికి నాకు ఆ మాట చాలాసార్లు ఉపయోగపడింది.

నిజానికి ఆ ఇద్దరు తండ్రుల మీద నాకు కోపం లేదు. కోపం వేరేచోట ఉంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అన్న అధ్యాయంలోంచి పరిణామాన్ని తీసేసి అనువంశికతను మిగిల్చింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని లేఖ రాశారు. ఇంటర్లో ఉంది కదా అంటారు. ఇంటర్లో బైపీసీ తీసుకున్నవాళ్లకే ఉంది. ఎంపీసీకి వెళ్లేవాడికి లేదు, కామర్స్‌కు వెళ్లేవాడికి లేదు. పదితో చదువు ఆపి నాన్నతోపాటు చేనికి వెళ్లే పిల్లవాడికి అసలే లేదు. రేపు విత్తనాల కొట్లో ప్యాకెట్టు చేత్తో పట్టుకునేది వాడే.

మిగిలిన ఆ కొద్దిమందికైనా మేం చెబుతున్నది ఎలాంటి పాఠం? డార్విన్ పుట్టిన సంవత్సరం, నౌక పేరు, దీవుల పేరు, నాలుగు ఆప్షన్లు. ఎందుకు నమ్మాలో చెప్పకుండా నమ్మమనడం మేము కూడా చేస్తున్నాం. అలా చెప్పిన పాఠం పక్కన ఇంకో కథ పెట్టమని ఒక తండ్రి అడిగితే, తేడా ఏమిటని అడిగినట్టే. తప్పు ఆయనది కాదు.

మాచర్ల వైపు వాళ్లకు మూడెకరాల కౌలు పత్తి ఉందని ఆ అమ్మాయి ద్వారా ఆ తర్వాత తెలిసింది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్తే నాలుగు కాయలు కోసుకురమ్మన్నాను. సోమవారం పాత పేపరులో చుట్టి తెచ్చింది. పైకి పచ్చగా, నిక్షేపంగా ఉన్నాయి. ల్యాబులోంచి బ్లేడు తెచ్చి ఒక కాయను తొనల వెంట చీల్చింది. దూది పసుపుపచ్చగా ముద్దకట్టి ఉంది, గింజలో సగం దూరి గులాబీ రంగు పురుగు. వెలుతురు తగలగానే కదిలింది. ముందు బెంచీల పిల్లలు లేచి వచ్చారు.

"ఇది బీజీ-2 విత్తనమే మేడమ్, నాన్న ఖాళీ ప్యాకెట్టు కూడా పంపించారు" అని బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. "మిమ్మల్ని ఒకటి అడిగి రమ్మన్నారు. ప్యాకెట్టు మీద పురుగు పట్టదని రాసి ఉంటే, మరి ఇది ఎలా బతికింది అని."

అది బిట్లు చేయించాల్సిన పీరియడు. పుస్తకాలు మూయమన్నాను.